సి.ఎ. పరీక్షకు హిఫ్జ్ బాట

దివ్య ఖుర్‌ఆన్ ఆయతులన్నిటిలోకీ పొడవైనది అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు. అది అప్పు లావాదేవీలను వ్రాసిపెట్టుకోవడం గురించి అవతరించింది. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు దాన్ని వ్రాసుకోవాలని, వ్రాసే వ్యక్తి న్యాయంగా వ్రాయాలని, వ్రాయడం వచ్చినవాడు నిరాకరించరాదని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి బద్ధకించరాదని, వ్రాసేవానికి గానీ సాక్షికి గానీ హాని కలిగించరాదని విశ్వప్రభువు అందులో ఆదేశించాడు.

లెక్క వ్రాయడానికి ఇంతటి స్థానమిచ్చిన గ్రంథాన్ని విశ్వసించే సమాజంలో లెక్క తెలిసినవారు విరివిగా ఉండాలి. కానీ మస్జిద్ కమిటీ జమాఖర్చులు సరిచూడాలన్నా, వక్ఫ్ ఆస్తి ఆదాయాన్ని తనిఖీ చేయాలన్నా, దుకాణదారుని సరుకుకు జకాత్ నిర్ణయించాలన్నా మనం చుట్టుపక్కల వెదుక్కోవలసి వస్తోంది. ఇంటర్మీడియట్‌లో ఎం.ఇ.సి., సి.ఇ.సి. చదివిన మన పిల్లలలో కొందరు ఇప్పుడు చార్టర్డ్ అకౌంటెన్సీ వైపు అడుగులు వేస్తున్నారు. ఇది శుభసూచకం. అయితే వారిలో చాలామంది ఒకటి రెండు ప్రయత్నాలు విఫలం కాగానే మానుకొని వెనుదిరుగుతున్నారు.

వెనుదిరిగినవారి నోటుపుస్తకాలను మేము చూశాము. వారు చదవనివారు కారు. పుటల నిండా రంగురంగుల గీతలున్నాయి. తరగతులన్నీ విన్నారు. ఐతే చదివిన పాఠాన్ని పుస్తకం మూసి తిరిగి అప్పజెప్పిన జాడ మాత్రం ఆ పుస్తకాలలో కనిపించదు. మన మదరసాలలో పదేళ్ల బాలుడు 30 పారాలను గుండెలో నిలుపుకొనే పద్ధతి శతాబ్దాలుగా మన చేతిలోనే ఉంది. అదే పద్ధతి ఈ పరీక్షకు కూడా ఎంతగానో ఉపకరిస్తుందని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పరీక్ష స్వరూపం

ముందుగా తల్లిదండ్రులు ఈ చదువు రూపురేఖలు తెలుసుకోవాలి. 1949 నాటి చట్టం ద్వారా ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా ఈ పరీక్షలను నిర్వహిస్తుంది. 2023లో వచ్చిన కొత్త విధానం ప్రకారం మూడు మెట్లున్నాయి. మొదటిది ఫౌండేషన్. ఇందులో 4 పేపర్లు: అకౌంటింగ్, వ్యాపార చట్టాలు, గణితం-తర్కం-గణాంకాలు కలిసిన క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, బిజినెస్ ఎకనామిక్స్. రెండవది ఇంటర్మీడియట్. రెండు గ్రూపులు, ఒక్కొక్క దానిలో 3 పేపర్లు. ఆ రెండు గ్రూపులూ గట్టెక్కాక 2 సంవత్సరాల ఆర్టికల్‌షిప్, అనగా ఒక చార్టర్డ్ అకౌంటెంట్ వద్ద పని నేర్చుకోవడం. ఆ తరువాత చదువుకోవడానికి 6 నెలల వ్యవధి. చివరి మెట్టు ఫైనల్. అందులోనూ 6 పేపర్లు.

డిగ్రీ పూర్తిచేసినవారు ఫౌండేషన్ లేకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. కామర్స్ పట్టభద్రులకు 55 శాతం, ఇతరులకు 60 శాతం మార్కులు ఉండాలి.

ఉత్తీర్ణతకు రెండు షరతులు ఒకేసారి నెరవేరాలి. ప్రతి పేపరులో కనీసం 40 శాతం, మొత్తం మీద కనీసం 50 శాతం. ఇంటర్మీడియట్ ఒక గ్రూపులో 62, 45, 40 వచ్చాయనుకుందాం. ఏ పేపరూ తప్పలేదు. కానీ మొత్తం 147, కావలసినది 150. ఆ గ్రూపు పోయినట్లే. మూడు మార్కులు ఆరు నెలల కష్టాన్ని వెనక్కి నెడతాయి. కనుక ఒక విషయంలో దిట్టయై మరొక దానిని వదిలివేసే చదువు ఇక్కడ పనికిరాదు.

వడ్డీ గురించిన సందేహం

ఈ చదువు ప్రస్తావన రాగానే దైవభీతిగల తల్లిదండ్రుల మనసులో ఒక ప్రశ్న మెదులుతుంది. వడ్డీ తినేవానిని, తినిపించేవానిని, దాన్ని వ్రాసేవానిని, సాక్షులను దైవప్రవక్త (సఅసం) శపించారని సహీహ్ ముస్లింలో ఉంది కదా, మరి వడ్డీ లెక్కలు ఉండే ఈ చదువు మన పిల్లలకు తగినదేనా అని.

ఈ ప్రశ్నను దాటవేయకూడదు. వడ్డీ ఏమిటో, అది లెక్కలలో ఎక్కడెక్కడ దాగి ఉంటుందో తెలుసుకోవడం వేరు. వడ్డీ ఒప్పందాన్ని కుదిర్చి వ్రాయడం వేరు. రోగాన్ని చదివిన వైద్యుడు రోగాన్ని సమర్థించినట్లు కాదు. ఇక వృత్తిలోకి వెళ్ళిన తరువాత ఈ రంగం విశాలమైనది. పన్నులు, జి.ఎస్.టి., ఆడిట్, ఉత్పత్తి వ్యయ నిర్ణయం, కంపెనీ చట్టం, సంస్థల అంతర్గత తనిఖీ ఇలా ఎన్నో శాఖలున్నాయి. వడ్డీ రుణాల ఏర్పాటే పనిగా ఉన్న ఉద్యోగానికి దూరంగా ఉండాలి. సాధారణ వ్యాపార సంస్థ పుస్తకాలలో పాత వడ్డీ పద్దు కనిపించినప్పుడు ఏం చేయాలనే దానిలో పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. ఉద్యోగం స్వీకరించే ముందు ఆ పని వివరాలు చెప్పి, విశ్వసనీయుడైన ముఫ్తీని సంప్రదించాలి. సందేహం ఉన్నదని చదువునే మూసివేయనవసరం లేదు.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టు రాజును అడిగినది ధాన్యాగారాల బాధ్యతే. తాను కాపాడగలవాడినని, తెలిసినవాడినని ఆయన చెప్పుకున్నట్లు దివ్య ఖుర్‌ఆన్ పేర్కొంటుంది. కాపాడే గుణం, తెలిసిన జ్ఞానం, ఈ రెండూ కలిస్తేనే లెక్కల మనిషి.

సబఖ్, సబఖ్ పారా, ఆమూఖ్తా

హిఫ్జ్ చేసే విద్యార్థి దినచర్యలో మూడు భాగాలుంటాయి. ఆ రోజు కొత్తగా కంఠస్థం చేసేది సబఖ్. ఇటీవలి కొద్ది రోజులలో నేర్చినది సబఖ్ పారా. ఇంతకుముందే పూర్తయిన పాత భాగం ఆమూఖ్తా. ఏ ఉస్తాదూ కొత్త సబఖ్ ఒక్కటే విని పంపించడు. పాతది అప్పజెప్పలేకపోయిన రోజున కొత్తది ఆపివేస్తాడు. ఖుర్‌ఆన్ కంఠస్థం చేసినవాడు కట్టిన ఒంటెల యజమాని వంటివాడని, చూసుకుంటూ ఉంటేనే అవి నిలుస్తాయని, వదిలేస్తే వెళ్ళిపోతాయని ప్రవక్త (సఅసం) తెలియజేశారు. దైవవాక్కు విషయంలోనే మనిషి జ్ఞాపకం ఇంత బలహీనమైతే, కంపెనీ చట్టం సెక్షన్లు తమంతట తాము నిలుస్తాయా?

సి.ఎ. విద్యార్థులలో ఎక్కువమంది సబఖ్ మీదనే బ్రతుకుతారు. రోజూ కొత్త అధ్యాయం. ‘సిలబస్ పూర్తయింది’ అనే మాట కోసం పరుగు. మూడు నెలల తరువాత మొదటి అధ్యాయం తెరిస్తే ఎన్నడూ చూడని ముఖంలా కనిపిస్తుంది. అప్పుడు భయం పట్టుకుంటుంది.

దీనికి విరుగుడు ఇలా చేయవచ్చు. చదువుకు రోజుకు 8 గంటలు దొరికే విద్యార్థి 4 గంటలు సబఖ్‌కు, గంటన్నర సబఖ్ పారాకు, రెండున్నర గంటలు ఆమూఖ్తాకు కేటాయించాలి. సబఖ్ పారా అంటే గడచిన 7 రోజుల పాఠాలు. ఆమూఖ్తా అంటే అంతకుముందు పూర్తయిన అధ్యాయాలన్నీ వంతులవారీగా. ఏ అధ్యాయమూ మూడు వారాలకు మించి కంటికి దూరం కాకుండా. మొదటి నెలలో పాత పాఠాలు తక్కువ గనుక ఆ సమయం కొత్తదానికి కలుపుకోవచ్చు. రోజులు గడిచేకొద్దీ ఆమూఖ్తా పెరిగి సబఖ్ తగ్గుతుంది. పరీక్షకు ముందు చివరి నెలలో కొత్త సబఖ్ అసలే ఉండరాదు.

ఫౌండేషన్‌కు సుమారు 16 వారాల వ్యవధి దొరికిందనుకుంటే 10 వారాలలో పాఠాలు ముగించాలి. తరువాతి 4 వారాలు పాత ప్రశ్నపత్రాలతో పునశ్చరణకు, ఆఖరి 2 వారాలు పూర్తి నమూనా పరీక్షలకు ఉంచుకోవాలి.

ఇక్కడ ఒక మెలకువ ఉంది. పుస్తకం తెరిచి మళ్ళీ చదవడాన్ని ఆమూఖ్తా అనరు. ముస్‌హఫ్ ఉస్తాదు చేతిలో ఉంటుంది, విద్యార్థి చూడకుండా వినిపిస్తాడు. అలాగే ఖాళీ కాగితం తీసుకొని, ‘భాగస్వామి విరమణ సందర్భంలో చేయవలసిన సర్దుబాట్లు’ అని పైన వ్రాసి, తెలిసినదంతా క్రింద వ్రాయాలి. ఆ తరువాతనే పుస్తకం తెరిచి వదిలివేసినవాటిని ఎర్ర సిరాతో చేర్చాలి. మరుసటి వంతులో ఆ ఎర్రగీతలే చూస్తే చాలు. తెరిచిన పుస్తకం ‘నాకు వచ్చు’ అనే భ్రమను ఇస్తుంది. నిజంగా వచ్చో రాదో చెప్పేది మూసిన పుస్తకమే.

ముతాలా, తక్రార్

మదరసాలో పై తరగతుల విద్యార్థులకు మరో రెండు అలవాట్లుంటాయి. రేపటి పాఠాన్ని ఈ రాత్రే ఒకసారి స్వయంగా చూసుకోవడం ముతాలా. పాఠం అయిన తరువాత నలుగురు కూర్చొని, ఒకరు ఉస్తాదు స్థానంలో ఉండి మిగిలినవారికి ఆ పాఠాన్ని తిరిగి చెప్పడం తక్రార్.

ముతాలా 20 నిమిషాలు చాలు. తరగతికి వెళ్ళే ముందు అధ్యాయంలోని శీర్షికలు, ఒకటి రెండు ఉదాహరణలు చూసి, అర్థం కానిచోట గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తుతో వెళ్ళినవాడు తరగతిలో ఆ చోటికోసం చెవులు రిక్కించి వింటాడు. వట్టి చేతులతో వెళ్ళినవాడు వింటున్నాననుకుంటాడు.

తక్రార్‌కు ముగ్గురు మిత్రులు చాలు. వారానికి రెండుసార్లు, ఇషా తరువాత ఒక గంట. ఫోనులో కూడా చేయవచ్చు. వంతు వచ్చినవాడు ప్రొవిజన్‌కు, రిజర్వ్‌కు భేదం చెప్పాలి: తెలిసిన బాధ్యతకో, ఆస్తి విలువ తరుగుదలకో, ఖచ్చితమైన మొత్తం తేలకముందే కేటాయించేది ప్రొవిజన్, లాభంలో నుండి పక్కన పెట్టేది రిజర్వ్. ‘నష్టం వచ్చిన ఏడాది ప్రొవిజన్ పెట్టాలా?’ అని మిత్రుడు అడుగుతాడు. పెట్టాలి, ఎందుకంటే అది లాభంలో వాటా కాదు, లాభాన్ని లెక్కగట్టకముందే తీసివేయవలసిన ఖర్చు. అడిగించుకున్న ప్రశ్న పరీక్షా హాలులో మరపుకు రాదు.

కలం పట్టని చదువు

దర్సె నిజామీలో వారసత్వ శాస్త్రాన్ని బోధించే సిరాజీ అనే గ్రంథం ఉంది. దాని నియమాలను కంఠస్థం చేసినంత మాత్రాన ఎవరూ వాటాలు పంచలేరు. మృతునికి భార్య, తల్లి, ఒక కుమారుడు ఉన్నారనుకుందాం. భార్యకు ఎనిమిదవ వంతు, తల్లికి ఆరవ వంతు, మిగిలినది కుమారునికి. మొత్తాన్ని 24 భాగాలు చేస్తే భార్యకు 3, తల్లికి 4, కుమారునికి 17. ఇది చదివినప్పుడు సులువుగా ఉంటుంది. కుమారుని స్థానంలో ఇద్దరు కుమార్తెలను, ఒక సోదరుని ఉంచి కాగితం మీద చేయమంటే అప్పుడు చేయి వణుకుతుంది. అందుకే ఉస్తాదులు వందలాది సమస్యలను విద్యార్థుల చేతనే చేయిస్తారు.

అకౌంటింగ్, కాస్టింగ్, పన్నులు, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ ఇవన్నీ సిరాజీ వంటివి. పరిష్కారాన్ని చూసి తలూపడం చదువు కాదు. ప్రశ్నను చూసి, జవాబును కాగితంతో కప్పి, గడియారం పెట్టుకొని మొదటి నుండి చివరి వరకు చేయాలి. 100 మార్కులకు 180 నిమిషాలు గనుక మార్కుకు సుమారు 1.8 నిమిషాలు. 10 మార్కుల సమస్యకు 18 నిమిషాలు దాటితే, జవాబు సరైనదైనా చేయి ఇంకా సిద్ధం కాలేదని అర్థం.

తప్పుల పుస్తకం ఒకటి వేరుగా ఉంచుకోవాలి. తప్పిన ప్రతి సమస్యకు ఒక వరుస: తేదీ, అధ్యాయం, ఎందుకు తప్పింది. కారణాలు నాలుగే ఉంటాయి. నియమం తెలియకపోవడం, ప్రశ్న సరిగా చదవకపోవడం, కూడిక తీసివేతలో పొరపాటు, సమయం చాలకపోవడం. నెల తరువాత ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెడితే తన రోగం తనకే తెలుస్తుంది. నిద్రించే ముందు తన కర్మలను తాను లెక్కచూసుకొనే ముహాసబాకు పెద్దలు మనకు అలవాటు చేశారు. ఇది చదువులో ముహాసబా.

చట్టాలు, ఆడిటింగ్ పేపర్లలో చేతివ్రాత సమాధానానికి ఒక వరుస ఉండాలి. ముందు చట్టం ఏమంటున్నదో, తరువాత ఇచ్చిన ఉదంతంలో అది ఎలా వర్తిస్తుందో, చివర తీర్పు ఏమిటో. ఇది మన ఫత్వా పద్ధతే: ఆధారం, అన్వయం, తీర్పు. అన్వయం లేని సమాధానం ఎంత పొడవున్నా మార్కులు తెచ్చిపెట్టదు.

ఇంగ్లీషు గోడ

తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో చదివిన మన పిల్లలకు పెద్ద అడ్డంకి విషయం కాదు, భాష. ఈ పరీక్షలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ వ్రాయాలి. తెలుగులో, ఉర్దూలో వ్రాసే వీలు లేదు. దీనికి నిరాశపడనక్కరలేదు. అరబీ రాని పిల్లవాడే కొన్నేళ్లలో అరబీ గ్రంథాలు చదువుతున్నాడు. ఇంటి భాషలో అర్థం చేసుకొని, పరీక్ష భాషలో వ్రాయడం అలవాటు చేసుకోవాలి.

ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీయాలి. మొదటి దానిలో ఇంగ్లీషు పదం, రెండవ దానిలో ఇంటి భాషలో దాని భావం, మూడవ దానిలో ఆ పదంతో తాను సొంతంగా వ్రాసిన ఒక వాక్యం. రోజుకు 10 పదాలు. నాలుగు నెలలకు 1,200 పదాలు చేరతాయి. అలంకారాలతో కూడిన ఇంగ్లీషు ఎవరూ అడగరు. చిన్న వాక్యాలు, చట్టంలోని అసలు పదాలు చాలు.

ఏ పుస్తకాలు, ఎంత ఖర్చు

ఖరీదైన కోచింగ్ లేనిదే ఈ చదువు సాగదని చాలామంది పేద తల్లిదండ్రులు ముందే చేతులెత్తేస్తారు. ఇన్‌స్టిట్యూట్ తన వెబ్‌సైటులో స్టడీ మెటీరియల్‌ను, ప్రతి పరీక్షకు ముందు రివిజన్ టెస్ట్ పేపర్లను, మాక్ టెస్ట్ పేపర్లను, గత పరీక్షల సూచిత సమాధానాలను ఉచితంగా ఉంచుతుంది. ఉచిత తరగతులనూ ఆన్‌లైన్‌లో నిర్వహిస్తుంది. ప్రతిభ, ఆర్థిక అవసరం ప్రాతిపదికగా ఉపకారవేతనాలు కూడా ఇస్తుంది. ఒక విషయానికి ఒకే మూల పుస్తకం పెట్టుకోవాలి. ఐదు పుస్తకాలు ఒక్కొక్కసారి చదవడం కన్నా ఒక పుస్తకం ఐదుసార్లు అప్పజెప్పడం మేలు.

బంధువులు ఇచ్చిన పాత పుస్తకాల విషయంలో జాగ్రత్త అవసరం. గణితానికి అవి పనికివస్తాయి. చట్టానికి, పన్నులకు పనికిరావు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. తాను వ్రాయబోయే పరీక్షకు ఏ చట్టం, ఏ సవరణలు వర్తిస్తాయో ఇన్‌స్టిట్యూట్ ప్రకటనలో చూసుకొన్న తరువాతే పన్నుల పుస్తకం కొనాలి.

నమాజు వేళల చుట్టూ దినచర్య

ఐదు వేళల నమాజు చదువుకు ఆటంకం కాదు, చదువును కొలిచే గడియారం. తన సముదాయానికి ఉదయ వేళలో శుభం ప్రసాదించమని ప్రవక్త (సఅసం) వేడుకున్నారు. ఫజ్ర్ తరువాతి రెండు గంటలు కొత్త సబఖ్‌కు ఉంచాలి. అల్పాహారం తరువాత జుహ్ర్ వరకు మిగిలిన సబఖ్‌ను సమస్యలు చేస్తూ ముగించాలి. జుహ్ర్, భోజనం, కొద్దిసేపు ఖైలూలా. లేచి అస్ర్ లోపల ఒక గంట, మగ్రిబ్‌కు ముందు అరగంట సబఖ్ పారా. మగ్రిబ్ నుండి రాత్రి భోజనం వరకు, ఇషా తరువాత మరికొంతసేపు ఆమూఖ్తా. తక్రార్ ఉన్న రాత్రి దానినే అందులో జమకట్టుకోవచ్చు. ఆ తరువాత నిద్ర. రాత్రి రెండింటి దాకా మేలుకొని ఫజ్ర్ పోగొట్టుకొనే చదువులో శుభమూ ఉండదు, జ్ఞాపకమూ నిలవదు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. ఈ పరీక్షలు మధ్యాహ్నం 2 గంటలకు ప్రారంభమవుతాయి. ఆ వేళ నిద్రించే అలవాటున్న శరీరం హాలులోనూ మగతగానే ఉంటుంది. కనుక చివరి నెలలో ఖైలూలాను జుహ్ర్‌కు ముందుకు జరిపి, 2 నుండి 5 వరకు నమూనా పరీక్షలు వ్రాయాలి. జుహ్ర్ ముగించుకొనే హాలులోకి వెళ్ళాలి, అస్ర్ బయటికి రాగానే చదవాలి. పరీక్ష శుక్రవారం పడితే, జుమా త్వరగా జరిగే, పరీక్షా కేంద్రానికి దగ్గరి మస్జిద్‌ను ముందుగానే చూసిపెట్టుకోవాలి.

ఆర్టికల్‌షిప్‌లో ఉన్నవారికి రోజుకు 8 గంటలు దొరకవు. రెండు గంటలే దొరుకుతాయి. అవి చాలు, రోజూ ఉంటే. కొద్దిదైనా నిరంతరంగా చేసే ఆచరణ అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదన్న ప్రవక్త ప్రబోధం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

హాలులో పాటించవలసినవి

ఫౌండేషన్‌లోని మూడవ, నాలుగవ పేపర్లలో ఒక మార్కు ప్రశ్నకు తప్పు జవాబు పెడితే పావు మార్కు తగ్గుతుంది. 48 సరైనవి, 40 తప్పులు అయితే చేతికి వచ్చేది 38 మాత్రమే. రెండు జవాబులనైనా ఖచ్చితంగా కొట్టివేయగలిగితేనే ఊహించాలి, లేకుంటే వదిలివేయాలి.

వివరణాత్మక పేపర్లకు ముందు చదువుకోవడానికి 15 నిమిషాలు ఇస్తారు. ఆ సమయంలో ప్రశ్నలను సులువు, మధ్యస్థం, కష్టం అని గుర్తించుకోవాలి. ఆస్తి అప్పుల పట్టీ సరిపోలకపోతే దానితో కుస్తీ పట్టకుండా ముందుకు సాగాలి. చేసిన దశలకు మార్కులు వస్తాయి. ఒక పేపరు చెడిందని తరువాతి పేపరుకు వెళ్ళకుండా మానరాదు. గ్రూపు తప్పినా, ఆ గ్రూపులోని పేపర్లన్నీ వ్రాసి ఒక దానిలో 60 తెచ్చుకొన్నవానికి తరువాతి మూడు పరీక్షల వరకు ఆ పేపరు మినహాయింపు లభిస్తుంది. మానేసినవానికి ఆ మేలు దక్కదు.

కాపీ కొట్టడం గురించి వేరుగా చెప్పనవసరం లేదు. మోసగించేవాడు మాలోనివాడు కాడని ప్రవక్త (సఅసం) సెలవిచ్చారు. ఇతరుల మోసాన్ని పట్టుకోవలసిన వృత్తిలోకి మోసంతో ప్రవేశించడం ఎంతటి విడ్డూరం! బనూ సులైమ్ తెగ జకాత్ వసూలుకు పంపిన వ్యక్తి తిరిగి రాగానే ప్రవక్త (సఅసం) ఆయన వద్ద లెక్క అడిగారు. ‘ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది’ అని అతడన్నప్పుడు, పుట్టింట్లోనే కూర్చొని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. ఈ ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. ఆడిటింగ్‌తో పాటు నైతికతను కూడా పాఠ్యాంశంగా చదివే మన పిల్లవాడు దానిని మార్కుల కోసం మాత్రమే చదవకూడదు.

ఇంట్లోవారి బాధ్యత

ఈ పరీక్షను పిల్లవాడు ఒక్కడే వ్రాయడు, ఇల్లంతా వ్రాస్తుంది. చదువురాని తల్లి కూడా ఉస్తాదు కాగలదు. ‘డిప్రిసియేషన్ అంటే ఏమిటో చెప్పు బాబూ’ అని అడిగితే చాలు. పిల్లవాడు ఇలా చెప్పాలి: ‘అమ్మీ, అబ్బా 3,00,000 పెట్టి ఆటో కొన్నారు. పదేళ్లు నడుస్తుంది, చివరికి తుక్కు కింద 30,000 వస్తుంది. మధ్యలో అరిగిపోయేది 2,70,000. అంటే ఏడాదికి 27,000 ఖర్చు కింద వ్రాయాలి. రోజూ వచ్చిన డబ్బంతా లాభమే అనుకుంటే పదేళ్లకు కొత్త ఆటో కొనడానికి చేతిలో ఏమీ ఉండదు.’ ఇలా తల్లికి అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ పాఠం వచ్చినట్లే. చెప్పలేక తడబడితే మళ్ళీ చదవాలి.

ఇంటికొచ్చిన బంధువుల ముందు ‘ఇంకా పాస్ కాలేదు’ అని ప్రస్తావించడం, చిన్నాన్న కొడుకుతో పోల్చడం మానుకోవాలి. పరీక్షలకు ముందు నెల వివాహాలకు, విందులకు పిల్లలను లాగరాదు. టి.వి. కట్టేయడం ఒక్కటే త్యాగం కాదు, మాట అదుపు కూడా త్యాగమే.

ఆడపిల్లల విషయంలో చాలా ఇళ్లలో ఫౌండేషన్ దాకా చదివించి ఆర్టికల్‌షిప్ దగ్గర ఆపివేస్తున్నారు. ఈ రోజుల్లో మహిళా చార్టర్డ్ అకౌంటెంట్లు నడిపే కార్యాలయాలూ ఉన్నాయి. పర్దాకు, వేళలకు అనుకూలమైన చోటును తండ్రి ముందుగా వెదకాలి. హజ్రత్ హఫ్సా (రజి)కు వ్రాత నేర్పినది హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) అని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. కలం స్త్రీల చేతికి కొత్త కాదు.

దువా, ప్రయత్నం, ఫలితం

పరీక్షకు ముందురోజు కలం మీద దమ్ చేయించుకోవడానికి మా వద్దకు వచ్చే పిల్లలున్నారు. దువా విశ్వాసి ఆయుధం, సందేహం లేదు. అయితే ఒంటెను ముందు కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్నది ప్రవక్త బోధ. కట్టని ఒంటె కోసం దువా అడిగించుకొనేవారికి ‘ఈ వారం ఎన్ని నమూనా పరీక్షలు వ్రాశావు?’ అన్న ప్రశ్నే మేము ముందుగా వేస్తాము.

ఎంత కష్టపడినా కొందరు మొదటిసారి గట్టెక్కరు. ఈ పరీక్ష ఫలితాలలో ఉత్తీర్ణులకన్నా అనుత్తీర్ణులే ఎక్కువగా ఉంటారు. బలమైన విశ్వాసి బలహీనుని కన్నా అల్లాహ్‌కు ప్రియమైనవాడని, మేలు చేసే దానికోసం ఆశతో పాటుపడమని, అల్లాహ్ సహాయం కోరమని, చేతకానివారై కూలబడవద్దని, ఆపద వచ్చినప్పుడు ‘అలా చేసి ఉంటే’ అని కుమిలిపోవద్దని ప్రవక్త (సఅసం) ఉపదేశించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. ఫలితం వచ్చిన మూడవ రోజున మార్కుల పత్రం, తప్పుల పుస్తకం పక్కపక్కన పెట్టుకొని కూర్చోవాలి. ఏ పేపరు ఎక్కడ ముంచిందో చూడాలి. మరల మొదటి సబఖ్ నుండి కాక, ఎర్రగీతల నుండి మొదలుపెట్టాలి.

రెండు మూడు ప్రయత్నాల తరువాత కూడా ఈ మార్గం తనది కాదని తేలితే, నేర్చిన లెక్కలు వృథా కావు. బి.కాం. పూర్తిచేసుకోవడం, కాస్ట్ అకౌంటెన్సీ, కంపెనీ సెక్రటరీ, జి.ఎస్.టి. పని ఇవన్నీ గౌరవప్రదమైన దారులే. ఉపాధి ప్రదాత అల్లాహ్, ఒక పరీక్ష కాదు.

ఈ రాత్రే ప్రారంభించదలచిన విద్యార్థి ఇషా తరువాత ఒక ఖాళీ కాగితం తీసుకొని, ఈరోజు చదివిన పాఠం పేరు పైన వ్రాసి, పుస్తకం మూసివేయాలి. ఎంత వ్రాయగలిగితే అంతే నిజంగా చేతికి వచ్చిన చదువు.

అల్లాహ్ మన పిల్లల జ్ఞానాన్ని వృద్ధి చేయుగాక! వారి కలాన్ని న్యాయంగా వ్రాసే కలంగా మలచుగాక! ఎవరి లెక్క తప్పించుకోలేని దినాన మన లెక్కను సులభతరం చేయుగాక! ఆమీన్.